ఓల్డ్ నంబర్ వన్‌లో పాతదెంత?

1990 జులైలో లండన్ హైకోర్టు ఒక కారు గురించి తీర్పు చెప్పింది. పైకి చూస్తే మామూలు డబ్బు తగాదా. అమ్మినాయన బేరం ప్రకారం ఇమ్మన్నాడు, కొంటామన్న కంపెనీ ఇవ్వనంది. బేరం మాత్రం మామూలుది కాదు: కోటి పౌండ్లు. అందులో 68 లక్షలు నగదు, మిగతాది వేరే కార్ల రూపంలో. కొనేవాళ్లు పట్టుకున్న పాయింటు ఒక్కటే. మీరు ఏ కారని చెప్పి అమ్మారో, ఇది ఆ కారు కాదు.

ఆ కారు పేరు ఓల్డ్ నంబర్ వన్. బెంట్లీ కంపెనీ చేసిన స్పీడ్ సిక్స్ మోడల్. ఫ్రాన్సులోని లే మాన్స్‌లో జరిగే 24 గంటల పందేన్ని 1929లోనూ, మళ్లీ 1930లోనూ గెలిచిన బండి అని దానికి పేరు. రెండుసార్లూ దాన్ని నడిపిన ఇద్దరిలో ఒకడు వుల్ఫ్ బార్నాటో, ఆ తర్వాత కారు అతని చేతిలోనే ఉండిపోయింది.

విచారణలో తేలిన సంగతులు అమ్మినాయనకు గుండె దడ పుట్టించే ఉంటాయి. 1929 నాటి కారులోంచి ఏ కాలానివో తేల్చలేని చిన్నాచితకా బిగింపులు తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. 1930 నాటి కారువి మూడంటే మూడు ఉన్నాయి: పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు కేసింగు, స్టీరింగ్ కాలమ్. ఛాసిస్ ఫ్రేము (కారంతటినీ మోసే ఇనుప చట్రం), స్ప్రింగులు, ముందు యాక్సిల్ 1932 నాటివి. ఇంజనూ అప్పటిదే. అది కూడా 8 లీటర్ల ఇంజను. లే మాన్స్ గెలిచినదేమో ఆరున్నర లీటర్లది.

ఇదంతా విన్న జస్టిస్ ఆటన్, ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నారు. కంపెనీ డబ్బు కట్టాల్సిందేనన్నారు.

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ల మధ్య ఈ తీర్పు ఎత్తితే ఇప్పటికీ కాఫీలు చల్లారిపోతాయి. నేను జడ్జిగారి పక్షం. అలాగని ఆ కోటి పౌండ్లు సరైన ధర అని మాత్రం ఒప్పుకోను. ఈ రెండూ వేరువేరు సంగతులు. జనం రెంటినీ కలిపేయడం వల్లే వాదన ఎప్పుడూ తెగదు.

ముందు బార్నాటో గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. తండ్రి బార్నీ బార్నాటో లండన్‌లో పేదరికంలో పుట్టి, దక్షిణాఫ్రికా కింబర్లీ వజ్రాల గనుల్లో కోట్లు సంపాదించాడు. 1897లో ఓడలో ఇంగ్లండ్ వస్తూ సముద్రంలో పడి చనిపోయాడు. అప్పటికి వుల్ఫ్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు. పెద్దయ్యాక ఆ డబ్బుతో ఏం చేయాలో అతనికి బాగా తెలుసు. సర్రే జట్టుకు వికెట్ కీపింగ్ చేశాడు. విందులిచ్చాడు. 1926లో, డబ్బుల్లేక ఈడుస్తున్న బెంట్లీ మోటార్స్‌లో పెట్టుబడి పెట్టి ఛైర్మన్ అయ్యాడు. డబ్బున్న కుర్రాడి సరదా అనుకుంటాం కదా. కానీ లే మాన్స్‌లో అతను దిగింది మూడుసార్లు, గెలిచింది మూడుసార్లు: 1928లో బెర్నార్డ్ రూబిన్‌తో, 1929లో టిమ్ బర్కిన్‌తో, 1930లో గ్లెన్ కిడ్స్‌టన్‌తో. దిగిన ప్రతిసారీ గెలవడమన్నది అక్కడ పేరు మోసిన డ్రైవర్లకే సాధ్యం కాలేదు. కంపెనీ పెట్టిన డబ్ల్యూ. ఓ. బెంట్లీకి మాటలు పొదుపు. ఆయన కూడా తమ డ్రైవర్లందరిలోకీ బార్నాటోనే మేటి అన్నాడు. ఛైర్మన్ అయ్యుండి, పందెం రోజు మాత్రం పిట్‌లోంచి (పందెం మధ్యలో కార్లు ఆగి మరమ్మతు చేసుకునే చోటు) వచ్చే ఆదేశాన్ని బుద్ధిగా పాటించేవాడట. మన దగ్గర సినిమాకి డబ్బు పెట్టిన హీరో డైరెక్టర్ మాట వింటే ఎంత ఆశ్చర్యపోతామో, అంత ఆశ్చర్యం అది.

ఇక కారు. 1929 జూన్‌లో దాని మీద వేసిన అంకె 1. పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ ఏడాది మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. చివరి గంటల్లో పోటీ ఇచ్చేవాడే లేక, కార్లను నెమ్మదిగా నడపమని పిట్ నుంచి చెప్పారు. 1930లో అదే కారు 4వ అంకెతో వచ్చింది. జర్మన్ డ్రైవర్ కారాచ్చియోలా నడిపిన మెర్సిడెస్ కాసేపు చుక్కలు చూపించినా రాత్రి కరెంటు సరఫరా దెబ్బతిని ఆగిపోయింది. బెంట్లీలు మొదటి, రెండో స్థానాలు పట్టుకుపోయాయి. ఆ గెలుపు తర్వాత కంపెనీ పందేలకు స్వస్తి చెప్పింది. మరుసటి ఏడాది అప్పులు తీర్చలేక, అప్పులవాళ్ల తరఫున ఆస్తి చూసే రిసీవర్ చేతికి, అక్కణ్ణించి రోల్స్ రాయిస్ చేతికి పోయింది.

కంపెనీ మానేసినా బార్నాటో మానలేదు. లండన్‌కు దగ్గర్లో వేబ్రిడ్జ్ పక్కన బ్రూక్‌లాండ్స్ ఉంది. కేవలం మోటారు పందేల కోసమే 1907లో కట్టిన కాంక్రీటు ట్రాకు. అక్కడ జరిగే 500 మైళ్ల పందెం కోసం కారును ఊడదీసి మళ్లీ కట్టించాడు. 1931లో జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ దాన్ని గంటకు 118 మైళ్ల సగటుతో నడిపి గెలిచారు. 1932కి ఇంకా బలం కావాలనిపించింది. 8 లీటర్ల ఇంజను ఎక్కింది, దాన్ని మోయడానికి కొత్త ఫ్రేము వచ్చింది. ఈసారి వంతులవారీగా నడపడానికి కూర్చున్నది జాక్, అతని తమ్ముడు క్లైవ్.

సెప్టెంబరు 24న క్లైవ్ వంతులో కారు మెంబర్స్ బ్యాంకింగ్ అనే వాలు మలుపులో మరీ పైకి వెళ్లింది. చక్రం అంచు దాటింది. కారు అవతల చెట్ల మీద పడింది. క్లైవ్ అక్కడికక్కడే పోయాడు.

ఆ మలుపులో కొంత భాగం ఇప్పటికీ ఉంది, నేను చూశాను. పాత ఫొటోల్లో నున్నటి గిన్నె లోపలి వైపులా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే తెలుస్తుంది, పోతపోసిన పలకలు ఒకదానికొకటి సరిగా కలవవు. ప్రతి అతుకు దగ్గరా వేలు పట్టేంత మెట్టు ఉంది, పగుళ్లలో నాచు, పిచ్చి మొక్కలు. పైకి పోయేకొద్దీ వాలు ఎంత పెరుగుతుందంటే సగం నుంచి చేతులు ఆనించకుండా ఎక్కలేం. దాదాపు 30 అడుగుల ఎత్తున అంచు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఈ అతుకుల మీద 118 మైళ్ల సగటుతో వందల మైళ్లు పోతే కారులో ఏ భాగం మిగులుతుంది? స్ప్రింగులు పోతాయి, ఫ్రేము పగులుతుంది, యాక్సిల్ వంగుతుంది. పోయినదాన్ని మార్చి మళ్లీ పరిగెత్తించడమే పందెం కారు బతుకు. మార్చకుండా అట్టే పెట్టిన పందెం కారంటే పందెం మానేసిన కారని అర్థం.

ఆ ప్రమాదం తర్వాత బార్నాటో దాన్ని తుక్కుకి వేయలేదు, అమ్మలేదు. రోడ్డు మీద నడిపే రెండు సీట్ల కారుగా కట్టించుకున్నాడు. ఎందుకలా చేశాడో నేను ఊహించను. చేశాడన్నది మాత్రం నా వాదనకు కీలకం.

మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ బళ్ల వ్యాపారం చేస్తాడు. ఈ కథంతా వాడికి చెప్పాను.

"ఛాసిస్ మారిందా బావా?" అన్నాడు.

మారిందన్నాను.

"ఇంజను?"

అదీ మారింది.

"ఇంకేముంది మరి! నంబరు ప్లేటు తెచ్చి వేరే బండికి తగిలించారు. మా దగ్గర ఈ పని చేస్తే పోలీసులొస్తారు. అక్కడ జడ్జి కోటి పౌండ్లు ఇప్పించాడా? నాకు ఆ జడ్జి అడ్రస్ కావాలి."

వాడిది నవ్వుకుని వదిలేసే మాట కాదు. వాడు బండి కొనేటప్పుడు చూస్తాను కదా, ముందు బానెట్ ఎత్తి కిరసనాయిలు గుడ్డతో ఛాసిస్ నంబరు మీది గ్రీజు తుడుస్తాడు. పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దుతాడు. అంకెలు కాగితం మీద తెల్లగా లేస్తాయి. వాటిని ఆర్సీతో పోల్చుకుంటాడు. ఏ అంకె అయినా మిగతావాటికంటే లోతుగా దిగినట్టు అనిపిస్తే, నంబరు మళ్లీ పంచ్ చేశారని లెక్క, ఆ బండి జోలికి పోడు. వాడి దృష్టిలో బండంటే ఆ నంబరు దిగిన ఇనుప ముక్క. మిగతావన్నీ స్పేర్ పార్టులే.

అయితే ఆ పద్ధతి పుట్టింది దొంగ బళ్లు పట్టుకోవడానికి. ఈ బండి ఎవరిది అన్న ప్రశ్నకి అది చక్కటి జవాబిస్తుంది. ఈ బండి ఏ జీవితం గడిపింది అన్న ప్రశ్నకి దాని దగ్గర జవాబు లేదు. ఓల్డ్ నంబర్ వన్ ఎవరిదన్న అనుమానం కోర్టులో ఎవరికీ లేదు. అడిగింది రెండో ప్రశ్న.

ఆ రెండో ప్రశ్న మనకేం కొత్త కాదు. యవన రాజు మిలిందుడు నాగసేన భిక్షువు దగ్గరికి వచ్చినప్పుడు, ఎలా వచ్చావు రాజా అని అడుగుతాడు నాగసేనుడు. రథం మీద వచ్చానంటాడు రాజు. అయితే ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదంటాడు. అవన్నీ పోగేస్తే రథమా? అదీ కాదంటాడు. మరి నువ్వొచ్చిన రథమేది? చివరికి తేలేది, ఆ భాగాలన్నీ ఆసరాగా పెట్టుకుని మనం పిలుచుకునే పేరే రథమని. భిక్షువు అక్కడితో ఆగిపోవచ్చు, ఆయన చెప్పదలచుకున్నది మనిషి గురించి. కోటి పౌండ్ల దావా ముందున్న జడ్జి ఆగలేడు. ఆ పేరు మీద హక్కు ఏ వస్తువుకి ఉందో తేల్చి సంతకం పెట్టాలి.

ఆయన తేల్చిన తీరు నాకు నచ్చుతుంది. 1929 నాటి కారు చెక్కుచెదరకుండా ఉందని ఆయన అనలేదు. అనడానికి వీల్లేదని స్పష్టంగా చెప్పారు. కానీ ఈ కారు ఏనాడూ విడిపోయి పోగులుగా పడి ఉండలేదు. ఎక్కడో మాయమై, ఏళ్ల తర్వాత ఎవరో రెండు ముక్కలు దొరకబుచ్చుకుని చుట్టూ కొత్తది అల్లినదీ కాదు. ప్రతి మార్పూ నడుస్తున్న కారుకే జరిగింది. వచ్చిన భాగం వచ్చినట్టే మొత్తంలో కలిసిపోయింది. ఏ దశలో ఆపి అడిగినా, ఆ పందేల మనుషులందరూ దాన్ని ఓల్డ్ నంబర్ వన్ అనే అంటారు. ఆ పేరు నాదని చెప్పుకునే వేరే కారు లోకంలో లేదు. నాకు ఇందులో అన్నిటికంటే గట్టిగా కనిపించేది, మార్పులు చేయించినవాడు ఎవరన్నది. లే మాన్స్‌లో దాన్ని నడిపినవాడే బ్రూక్‌లాండ్స్ కోసం మార్పించాడు, చావు చూశాక రోడ్డు కారుగానూ మార్పించుకున్నాడు. ఆ ఎనిమిది లీటర్ల ఇంజను తర్వాతెవరో చేసిన కల్తీ అయితే నేనూ బావమరిది పక్కన చేరేవాణ్ణి. బార్నాటో నిర్ణయం కాబట్టి, అది ఆ కారు కథలో భాగం.

సరిగ్గా దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా బార్నాటో గరాజ్‌లోనే ఉంది. అదీ స్పీడ్ సిక్సే.

1930 మార్చిలో దక్షిణ ఫ్రాన్సులోని కాన్‌లో ఒక హోటల్లో మాటల మీద మాట వచ్చింది. కాన్ నుంచి ఉత్తర తీరంలోని కలే దాకా బ్లూ ట్రైన్ అనే షోకు రైలు నడిచేది. దాన్ని కారులో ఓడించామని ఆ రోజుల్లో కంపెనీలు ప్రకటనలు వేసుకునేవి. కలేకి ముందు చేరడం ఏం గొప్ప, రైలు కలే చేరేలోపు నేను సముద్రం దాటి లండన్‌లో నా క్లబ్బులో ఉంటాను, 100 పౌండ్ల పందెం అన్నాడు బార్నాటో. సాయంత్రం ఆరు ఆ ప్రాంతంలో గోల్ఫ్ ఆడే స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దారిలో వాన, తర్వాత పొగమంచు, ఒక టైరు పంచరు. మర్నాడు పొద్దున ఫ్రాన్సు ఉత్తర తీరంలోని బులోన్ చేరి, ఓడెక్కి, మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు లండన్ సెయింట్ జేమ్స్ వీధిలో క్లబ్బు ముందు కారాపాడు. రైలు కలే చేరడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

దశాబ్దాల పాటు ఈ ఘనత ఒక కూపే కారుకి (రెండు తలుపుల కారు) కట్టబెట్టారు. గర్నీ నటింగ్ అనే బాడీ కంపెనీ బార్నాటో కోసం కట్టింది. వెనక్కి వాలిన పైకప్పు, సన్నటి కిటికీలు, వెనక అడ్డంగా తిరిగి కూర్చునే ఒకే ఒక్క సీటు. చూస్తే రైలుతో పందెం వేయడానికే పుట్టినట్టుంటుంది. చిత్రకారులు దాన్నే రైలు పక్కన పరిగెడుతున్నట్టు గీశారు. చిక్కల్లా తేదీతో వచ్చింది. పందెం మార్చిలో జరిగితే, ఆ కూపే బార్నాటో చేతికి వచ్చింది మే నెలలో. రైలుతో పోటీ పడింది హెచ్. జె. ముల్లినర్ బాడీతో ఉన్న, పెళ్లిళ్లకు వెళ్లడానికి బావుంటుందనిపించే నాలుగు తలుపుల సెలూన్ అని పరిశోధన చేసినవాళ్లు తేల్చారు.

కూపేకి ఏ లోటూ లేదు. ఛాసిస్ నంబరు సరిపోతుంది. బార్నాటో సొంత కారన్నదీ నిజమే. మా బావమరిది పెన్సిల్ పరీక్ష పెట్టినా నూటికి నూరు మార్కులు. అయినా ఆ రాత్రి అది ఆ రోడ్డు మీద లేదు. బ్లూ ట్రైన్ కారనే పేరు దానికి చెల్లదు, దాని ఇనుము ఎంత స్వచ్ఛమైనదైనా సరే. ఓల్డ్ నంబర్ వన్‌లో ఇనుము పోయింది, జీవితం మిగిలింది. కూపేలో ఇనుమంతా ఉంది, ఆ ఒక్క రాత్రి లేదు. వేలం కంపెనీలు "ఫలానా రేసర్ వాడిన కారు" అని పెద్దక్షరాల్లో వేసినప్పుడల్లా నాకీ జంట గుర్తొస్తుంది. వాడాడు సరే, ఎప్పుడు వాడాడు, దేనికి వాడాడు?

నా వాదన ఇరుకున పడే చోటు కూడా ఒకటుంది. జర్మన్ డ్రైవర్ పీటర్ లిండ్‌నర్ దగ్గర తేలికపాటి అల్యూమినియం బాడీతో చేసిన జాగ్వార్ ఈ-టైప్ ఉండేది. 1964లో పారిస్ దగ్గర మాంట్లెరీ ట్రాకు మీద అదే కారులో అతను పోయాడు. తర్వాత ఆ కారు యంత్ర భాగాల మీద కొత్త బాడీ కట్టారు. నుజ్జయిన పాత బాడీ పక్కన పడి ఉంది. ఈ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో బ్రిడ్జ్‌నార్త్ పనివాళ్లు ఆ నుజ్జునే వేల గంటలు కూర్చుని సాగదీసి, పాత రేకును పాత ఆకారానికి తెచ్చి, మళ్లీ అసలు భాగాలతో కలిపారు. పనితనానికి దండం పెట్టాలి. ఇనుము లెక్కన అది అసలుదే. కానీ దశాబ్దాల తరబడి అది కారుగా లేదు. నేను పైన మెచ్చుకున్న అవిచ్ఛిన్న జీవితం దానికి లేదు. అయినా నకిలీ అనడానికి నాకు నోరు రాదు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 1964 అక్టోబరులో జరిగింది ఆ రేకు మీద రాసి ఉండేది, ఇప్పుడు లేదు. నా చేతిలో ఉంటే ఆ బాడీని నుజ్జుగానే ఉంచి, కొత్త బాడీ ఉన్న కారును హాయిగా నడుపుకునేవాణ్ణి. ఓల్డ్ నంబర్ వన్‌ను మళ్లీ 1929 రూపానికి తీసుకెళ్తామంటే వద్దనేది కూడా అందుకే. 1929కి వెళ్లాలంటే 1932ను చెరిపేయాలి, క్లైవ్ డన్‌ఫీ పోయింది అందులోనే.

ఇక ధర సంగతి. కొనబోయినవాళ్లు రిలయంట్ సిమిటర్ అనే పాత స్పోర్ట్స్ కారును మళ్లీ తయారుచేయడానికి దిగిన కంపెనీ. అది పాత కార్ల ధరలు ఆకాశంలో ఉన్న కాలం. మరికొద్ది నెలల్లో ఆ బుడగ పేలింది. కోర్టు తీర్పు ప్రకారం వాళ్లు మోసపోలేదు, నేనూ అదే అంటాను. కానీ వాళ్లు కోటి పౌండ్లు పెట్టాలనుకున్నది లే మాన్స్ మీద. బార్నాటో, బర్కిన్ కూర్చున్న సీటు, వాళ్లు పట్టుకున్న చక్రం కావాలి వాళ్లకి. దొరకబోయింది లే మాన్స్ చూసి, తర్వాత బ్రూక్‌లాండ్స్‌లో వేరే మనిషైపోయి వచ్చిన కారు. పేరు అదే, హక్కు అదే, వస్తువు మాత్రం 1932ది. ఏది కొంటున్నామో రాతలో స్పష్టంగా ఉంటే ధర కూడా దానికి తగ్గట్టు వచ్చేది. అమ్మేవాళ్లు పేరును ముందు పెట్టి, భాగాల జాబితాను వెనక పెట్టడం ఇప్పటికీ మారలేదు. నా మట్టుకు నాకు ఆ జాబితా ఇబ్బందికర విషయంలా అనిపించదు. పెడల్ షాఫ్టు 1930, ఇంజను 1932 అని బోర్డు మీద రాసి పక్కన నిలబెడితే ఆ కారు విలువ నా దృష్టిలో పెరుగుతుంది.

తమాషా ఏమిటంటే, ఓల్డ్ నంబర్ వన్ మన దేశంలో ఉంటే దానికి వింటేజ్ గుర్తింపు రావడం కష్టం. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బళ్లను వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, నంబరులో వీఏ అక్షరాలు. ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజువారీ తిప్పకూడదు. అంతవరకూ బాగానే ఉంది. షరతు మాత్రం, బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. బావమరిది పెన్సిల్ పరీక్షే గెజిట్‌లోకి ఎక్కింది.

నిన్నకాక మొన్న డీజిల్ ఇంజను బిగించిన పాత కార్లను ఆపడానికి ఆ షరతు పనికొస్తుంది, దాన్ని తీసేయమని నేననను. కానీ మన దగ్గర కూడా పాత జమీందారీ కార్లు, చెన్నై దగ్గర షోలవరం పందేల్లో తిరిగిన బళ్లు ఉన్నాయి. వాటిని వాడినవాళ్లే వాడకం కోసం మార్చుకుని ఉంటే, ఆ మార్పు బండి మొదటి రూపానికి ద్రోహమని తీసిపారేయడం సరికాదు. ఆ నిబంధనలో ఒక్క వాక్యం కలిపితే చాలు: బండి పనిలో ఉన్న కాలంలో, అప్పటి యజమాని చేయించిన మార్పులకు అప్పటి బిల్లులో, ఫొటోలో, ఆర్సీ ఎంట్రీలో చూపిస్తే వాటిని మొదటి రూపంలో భాగంగానే లెక్కించాలి. ఏ మార్పు ఏ ఏడాదిదో ఆర్సీ వెనక పేజీలో తేదీలతో ఎక్కించాలి. అప్పుడు బావమరిది కూడా ఆ పేజీ చూసే బేరం మొదలుపెడతాడు.